పద్నాలుగోది

కాగితం చూడగానే ఓస్తోయా గుర్తుపట్టాడు.
గళ్ల నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ,
అక్రోటు చెట్టుకి ఒక సున్నా,
వాగుకి ఒక వంకర గీత,
పద్నాలుగు ఇంటూ గుర్తులు.
కింద తన సంతకమే,
ఇరవై రెండేళ్ల కుర్రాడిది,
చివరి అక్షరానికి తోక మరీ పొడుగు.

"చెట్టేదీ?" అన్నాడు.
"ఆ చలికాలమే పొయ్యిలోకి పోయింది," అంది అజేమినా
ముఖమ్మీది అద్దపు తొడుగు పైకెత్తి.

కొండవాలంతా ప్లమ్ తోట.
ముప్ఫై ఏళ్లుగా ఎవరూ కోయని పళ్లు
రాలి, పులిసి,
కందిరీగలకి మత్తెక్కిస్తున్నాయి.
ఎర్ర పలక మీద పుర్రె బొమ్మ
పళ్లు వెలిసిపోయి
బోసిగా నవ్వుతోంది.

మా భాషలో దీని పేరు మందుపాతర.
మందు, జ్వరానికి వేసేదీ అదే మాట.
పాతర, కరువుకని గింజలు దాచుకునే గొయ్యి.
రెండు మంచి మాటల్ని తెచ్చి
ఈ పనికి ఎలా కుదిర్చామో,
రాస్తున్నప్పుడల్లా చెయ్యి ఆగుతుంది.

అజేమినా బోర్లా పడుకుని పని చేస్తుంది.
సన్నని చువ్వ, ఏటవాలుగా,
ఒక్కో వేలెడు నేల.
రోజుకి ఒక మంచం పట్టేంత చోటు,
వానొస్తే అదీ లేదు.
మొదటి వేసవిలో తొమ్మిది.
రెండో వేసవిలో నాలుగు.
మూడో వేసవి మొత్తానికి
మేకులు, గరిటె, ఒక గుర్రపు నాడా.
కాగితం పద్నాలుగంటోంది.
పదమూడు దొరికిన కొండకి
తాళం తియ్యరు.

ఎక్కడో ఒక చలినగరంలో
దేశదేశాల వాళ్లు కూర్చుని రాసుకున్నారు:
ఇక పాతం, ఇక చెయ్యం,
దాచుకున్నవి పేల్చేస్తాం,
కాళ్లు పోయినవాళ్లని వదిలెయ్యం.
మంచి కాగితం. నాకు దానిమీద కోపం లేదు.
ఈ గళ్ల కాగితం దానికంటే
నాలుగేళ్లు పెద్దది, అంతే.

ఆ దేశాలు మళ్లీ కలిసినప్పుడు
హైరుదిన్‌ని పిలిచారు.
నాలుగు నిమిషాలు, తర్వాత ఎర్రదీపం.
రాసుకెళ్లింది చదవలేదతను.
ప్యాంటు మోకాలిదాకా మడిచాడు.
"ఇది నా నాలుగో కాలు.
మూడేళ్లకొకటి అరిగిపోతుంది.
రెండోదానికి మీలో ఎవరో డబ్బిచ్చారు, చల్లగా ఉండండి.
మూడోదానికి మా చెల్లి ట్రాక్టరమ్మింది.
అయిదోదాని సంగతి
ఎక్కడైనా రాసిపెట్టుకోండి."
దీపం వెలిగింది.
చప్పట్లు కొట్టారు, చాలాసేపు.
తర్వాత భోజనాలకి లేచారు.

ఓస్తోయా టోపీ తీశాడు.
"పద్నాలుగోది పాతలేదు.
వేళ్లు కొంకర్లు పోయాయి. చీకటి పడుతోంది.
సార్జెంటుకి లెక్క కావాలి.
వాగులో పడేసి
ఇక్కడ ఇంటూ కొట్టాను."

అజేమినా మోకాళ్లకంటిన మట్టి దులుపుకుంది.
ఒక వేసవంతటి మట్టి.
తర్వాత వాగు వంక చూసింది.
ఇప్పుడు చీలమండ కూడా మునగని నీళ్లు.
వరద వచ్చిన ఏడాది
ఇదే వాగు వంతెనని ఎత్తుకుపోయింది,
రెండు ఆవుల్ని, సమాధుల గోడని.
నీళ్లు తీసిన వారానికి
దిగువన ఇసుకమేటలో
కొట్టుకొచ్చిన కట్టెలేరడానికి
వెళ్లాడు హైరుదిన్.

అదే ఇదని ఎవరు చెప్పగలరు?
ఈ కొండల్లో ఇలాంటి కాగితాలు ఎన్నో,
కాగితం కూడా లేనివి ఇంకెన్నో.
ఓస్తోయాకి హైరుదిన్ పేరే తెలీదు.
అజేమినాకి తెలుసు.
ఒకప్పుడు ఆమెకో ట్రాక్టరుండేది.

ఆమె పెన్ను ఇచ్చింది.
"కొట్టెయ్. పక్కన సంతకం పెట్టు."
పెట్టాడు. తోక లేదు ఈసారి,
మధ్యలోనే చెయ్యి ఆగింది.
ప్లమ్ తోట తెరుచుకుంది,
కందిరీగలకి ఆ సంగతి తెలీదు.

ఆమె తెల్లకాగితం ఒకటి తీసి
బల్లమీద పరిచింది.
వాగు గీసింది, వంకర గీత,
వంతెన దాటి, ఇసుకమేట దాటి, కిందికి,
కాగితం అంచుదాకా,
అక్కడ ఆపకుండా
బల్లచెక్క మీదికి.